సెంటీమీటరు లెక్క

నా బల్ల సొరుగులో పదిహేను సెంటీమీటర్ల స్కేలొకటుంది.
ఎనిమిదో గీత దగ్గర విరిగితే టేపు చుట్టాను.
నెలాఖరున నా వార్తలు కత్తిరించి
తెల్లకాగితాలకు మైదాతో అంటించి
దాంతోనే కొలిచేవాణ్ణి.
సెంటీమీటరుకు రూపాయి ముప్పావలా.
ఫోటోకు పది.
హెడ్డింగు కలపొద్దని ఒకసారి సర్క్యులరొచ్చింది,
ఆ నెల మా ఇంట్లో చక్కెర లేదు.

పత్తికొండలో టమాటా రోడ్డు మీద పారబోసిన రోజు
పదకొండు.
బోరెండిన ఊరు, నాలుగున్నర.
ఊరి పేరు పొడుగైతే లోపల సంతోషం,
ఇంకో లైను కిందికి దిగుతుందని.

అయిదు గంటల కర్నూలు బస్సుకు వార్తల కవరు.
కండక్టరు మద్దిలేటి చెయ్యి చాపి
"ఏమప్పా, ఈ పొద్దు ఎవురు సచ్చినారు?" అనేవాడు.
ఫ్యాక్సు వచ్చింది, మద్దిలేటి రిటైరయ్యాడు.
తర్వాత మెయిలు. తర్వాత వాట్సాప్.
వార్త పోయే దారి పొట్టిదవుతూ వచ్చింది,
వార్త కూడా.

పోయిన ఉగాదికి జిల్లా పేజీలు మూడైనాయి.
శ్రావణానికి ఒకటి.
డెస్కు నుంచి శేషఫణి గారు ఫోన్ చేసి
చాలాసేపు ఎండల గురించి మాట్లాడారు.
శ్రావణంలో.
అప్పుడే అర్థమైంది.

దాదా ఖలందర్ వయసు
సరిగ్గా నా ఉద్యోగమంత, ఇరవై రెండు.
మైకుకు స్పాంజి తొడుగు, దాని మీద నా పేరు,
అన్నీ ఆదోనిలో చేయించుకొచ్చాడు.
"మొదటి మూడు సెకన్లే సార్.
ఆడ నిలబెట్టకపోతే వేలితో తోసేస్తారు."
"పేపర్లో నీ చొక్కా ఎవురు చూసినారు,
ఇప్పుడు ఇస్త్రీ కావాల" అంది సుంకులమ్మ.
"పత్తికొండ, జూన్ 9" అనే అక్షరాల వెనక
ఇన్నేళ్ళూ దాక్కున్నవాణ్ణి.
నా మొహం నాకే కొత్త.
తొలి వీడియో నలభై మూడు సార్లు చూశారు.
అందులో ఆరుసార్లు నేనే.

ఒక రాత్రి స్కేలు తీసి ఫోను మీద పెట్టాను, నిజం.
తెర సరిగ్గా పదిహేను.
అందులో ఏం కొలవాలో తెలీలేదు.

మృగశిర తొలివాన.
జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట.
ఏటా రాసే వార్తే, హెడ్డింగు కూడా మార్చేవాణ్ణి కాదు.
ఈసారి వంగినవాళ్ళ కంటే మైకులు పట్టుకున్నవాళ్ళే ఎక్కువ.
హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయొకతె
గులకరాయి అరచేతిలో పెట్టుకుని
నాలుగుసార్లు ఆశ్చర్యపోయింది.
నాలుగోది బాగా కుదిరింది.

గట్టు మీద గుంతకల్లు ఈరమ్మ.
ఇది ఏడో ఏడంట.
ఒక కొంగుముడిలో రాళ్ళు, ఒడిలో బొరుగుల పొట్లం.
"ఎవరికైనా దొరికిందా అక్కా?"
"దొరికినోళ్ళు చెప్తారా నాయనా!
దొరకనోళ్ళమే మీతో మాట్లాడేది."

అక్కడే కూలబడ్డాను.
ఇరవై రెండేళ్ళు నేను అతికించి కొలిచిందంతా
దొరకనోళ్ళు చెప్పిందే కదా.

"నీకు దినానికి ఎంత గిడుతుంది?" ఆమే అడిగింది.
చెప్పాను.
నవ్వలేదు.
పొట్లం నా వైపు జరిపింది.

వాన మళ్ళీ పట్టుకుంది.
తడివేలు ఫోనుకు ఆనడం లేదు,
ఎక్కడ నొక్కినా ఇంకేదో తెరుచుకుంటోంది.
ఈరమ్మ దాన్ని లాక్కుని, కొంగుకు తుడిచి,
రెండు చేతులా ఎత్తి నా మొహానికి పట్టింది.
వేళ్ళ నిండా ఎర్రమన్ను. ఫ్రేము వంకర.
"నువ్వు చెప్పు, నేను పట్టుకుంటా."
"ఏం చెప్పాలక్కా?"
"ఏముండాదో అదే."

గొంతు సర్దుకున్నాను.
మూడు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.